బార్‌లో క్వార్టెట్ వాయిస్తే ఎవరైనా వింటారా?

మీది స్ట్రింగ్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. ఒక బార్ యజమాని మంగళవారం రాత్రి వచ్చి వాయించమన్నాడు. జనం మాట్లాడుకుంటూ ఉంటే ఏం చెయ్యాలి, అందరికీ తెలిసిన పాప్ పాటలు కలపాలా, మైకులు పెట్టాలా, అసలు తాగేచోట బేతోవెన్‌ని వాయిస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టు కాదా అని అడిగారు. వరసగా కాకుండా, నాకు తోచిన క్రమంలో చెప్తాను. పొడవవుతుంది, ఓపిక పట్టండి.

నేను చెల్లో వాయిస్తాను. పద్నాలుగేళ్ళుగా హాళ్ళతో పాటు బార్లలో, క్లబ్బుల్లో, కాఫీ షాపుల్లో కూడా వాయిస్తున్నాను. మా మొదటి రాత్రి ఎలా పోయిందో ముందు చెప్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మేం నలుగురం నల్లబట్టలు వేసుకుని వెళ్ళాం. బేతోవెన్ ఓపస్ 132 (ఓపస్ అంటే రచనకిచ్చే వరస సంఖ్య) అనే క్వార్టెట్‌లోని నెమ్మది మూవ్‌మెంట్‌తో, అంటే నెమ్మదిగా సాగే భాగంతో, మొదలుపెట్టాం. అది పావుగంటకి పైగా సాగే ప్రార్థనలాంటి సంగీతం. మాకు అదంటే ప్రాణం, అందుకని అందరికీ అలాగే ఉంటుందనుకున్నాం. రెండో నిమిషానికి మాటలు మొదలయ్యాయి. అయిదో నిమిషానికి మాకే మా వయోలా వినపడలేదు. మా మొదటి వయొలిన్ మిత్రుడు వాయించడం ఆపేసి, లేచి నిలబడి, "దయచేసి కొంచెం నిశ్శబ్దంగా వినండి" అన్నాడు. విన్నారు. మర్యాదస్తులే, రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చున్నారు. ఆ తరవాత ఒక్కో టేబులూ లేచి సిగరెట్టు వంకతో బయటికి వెళ్ళిపోయింది. యజమాని డబ్బులు చేతిలో పెట్టి, వచ్చే వారం రావద్దని చాలా మర్యాదగా చెప్పాడు.

ఆ రాత్రి మేం జనాన్ని తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళాం. చెవిటివాడి ముందు శంఖం ఊదామనుకున్నాం. చెవుడు ఎవరిదో అర్థం కావడానికి మాకు ఏడాది పట్టింది. వాళ్ళ సాయంత్రంలోకి మేం వెళ్ళాం, మా కచేరీకి వాళ్ళు రాలేదు. అలాంటి చోట నిశ్శబ్దం అడిగితే వచ్చేది మొహమాటం. వాయించి తెచ్చుకుంటేనే అది వినడం అవుతుంది. నేను కింద రాసేదంతా ఆ తెచ్చుకోవడం ఎలాగన్నదే.

చిన్నబుచ్చడం సంగతి ముందు తేల్చేద్దాం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ట్సిమ్మర్‌మన్ అనే ఆయనకి కాఫీ హౌస్ ఉండేది. 1702లో టెలెమన్ అనే స్వరకర్త పెట్టిన కొలేజియమ్ మ్యూజికుమ్ అనే సంగీత బృందాన్ని 1729లో స్వరకర్త బాఖ్ చేతికి తీసుకున్నాడు. చలికాలంలో శుక్రవారం రాత్రి 8 నుంచి 10 దాకా ఆ కాఫీ హౌస్‌లో, వేసవిలో బుధవారం సాయంత్రాలు దాని తోటలో వాయించేవాళ్ళు. ఆదివారం చర్చిలో కాంటాటా (వాద్యాలతో పాడే భక్తి రచన), శుక్రవారం కాఫీ కప్పుల మధ్య కచేరీ. రెండు చోట్లా అదే బాఖ్. 1813 డిసెంబరులో బేతోవెన్ ఏడో సింఫనీ (మొత్తం ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన) మొదటిసారి వాయించినప్పుడు జనం రెండో మూవ్‌మెంట్‌ని అక్కడికక్కడే మళ్ళీ వాయించుకున్నారు. ఇవాళ మనం పవిత్రంగా చూసుకునే చీకటి హాలు, కదలని ప్రేక్షకులు చాలా తరవాత వచ్చిన అలవాటు. 1876లో ఒపెరాలు రాసే వాగ్నర్ జర్మనీలో బైరోయిట్ అనే ఊళ్ళో తన హాలు దీపాలు తగ్గించి జనాన్ని వేదికవైపే చూసేలా చెయ్యడం దానికి ఒక పెద్ద ఊతం. ఆ అలవాటు చెడ్డదని నేను అనను. ఓపస్ 132కి అదే కావాలి. కానీ ఈ సంగీతం అంతా అలా వినడానికే పుట్టిందనుకోవడం పొరపాటు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చిన పాఠం మోట్‌సార్ట్ ఉత్తరంలో దొరికింది. 1778లో పారిస్‌లో ఆయన రాసిన డి మేజర్ సింఫనీ వాయించారు. అక్కడ చివరి మూవ్‌మెంట్లు అన్ని వాద్యాలూ ఒకేసారి మోగుతూ మొదలవుతాయని ఆయన విని ఉన్నాడు. తను మాత్రం రెండు వయొలిన్ భాగాలతో, మెత్తగా, ఎనిమిది ఆవర్తాలు రాసి, వెంటనే మొత్తం ఆర్కెస్ట్రాని దించాడు. ఆ మెత్తటి చోట జనం తామే ఒకరినొకరు "ష్" అనుకున్నారట. పెద్ద మోత రాగానే చప్పట్లు. కచేరీ అయ్యాక సంతోషంగా వెళ్ళి ఐస్ తిన్నానని తండ్రికి రాశాడు. చూశారా, మాట్లాడే జనం ఉంటారని ఆయనకి తెలుసు. వాళ్ళమీద విసుక్కోలేదు, వాళ్ళు నోరు మూసుకునే చోటుని స్వరాల్లో రాసి పెట్టాడు. మన పని అలాంటి చోట్లున్న రచనలు వెతుక్కోవడం.

మన కాలంలోనూ ఈ దారిలో చాలామంది నడిచారు. మాట్ హైమోవిట్స్ అనే చెల్లిస్టు పెద్ద ఆర్కెస్ట్రాలతో వాయించినవాడు. 2000లో బాఖ్ చెల్లో సూట్లు (ఒంటరి చెల్లో కోసం రాసిన రచనలు) పట్టుకుని క్లబ్బుల యాత్ర మొదలుపెట్టాడు. పంక్ రాక్‌కి పుట్టిల్లు అనదగిన న్యూయార్క్ సీబీజీబీ క్లబ్‌లో కూడా వాయించాడు. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వయోలా వాద్యకారుడు రివల్యూషన్ కెఫేలో వారం వారం చాంబర్ మ్యూజిక్ (కొద్దిమందే వాయించే సంగీతం) మొదలుపెడితే అదే క్లాసికల్ రివల్యూషన్ అనే పేరుతో ఊళ్ళు దాటింది. 2008లో న్యూయార్క్‌లో, ఒకప్పుడు విలేజ్ గేట్ జాజ్ క్లబ్ ఉన్న చోట, ల పువాసోన్ రూజ్ తెరిచారు. బెర్లిన్‌లో యెల్లో లౌంజ్ వాళ్ళు డిస్కో క్లబ్‌లో డీజే, వీడియోలు, మధ్యలో పెద్ద పేరున్న సోలోయిస్టు అన్న పద్ధతి పెట్టారు. లండన్‌లో ఆర్కెస్ట్రా ఆఫ్ ద ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్ 2006 నుంచి నైట్ షిఫ్ట్ పేరుతో పొద్దుపోయాక చిన్న కచేరీలు చేసింది, తరవాత పబ్బులకీ తీసుకెళ్ళింది. ఇవన్నీ ఒకే రకం అనుకోకండి. కొన్నిటికి సౌండ్ ఇంజనీర్లు, లైట్లు, రికార్డు కంపెనీ డబ్బు వెనక ఉన్నాయి. మీ మంగళవారం రాత్రి కెఫే రకం. అక్కడ ఉండేది మీరు, గది, బార్‌టెండర్. యెల్లో లౌంజ్ వీడియోలు చూసి పొగ మిషన్ అద్దెకి తెచ్చుకోవద్దు (మేం తెచ్చాం, దాని సంగతి వదిలెయ్యండి).

ఇక గది. నూటికి డెబ్బై పాళ్ళు రాత్రి అక్కడే గెలుస్తుంది లేదా పోతుంది. మీరు వాయించే వారానికి ముందు మంగళవారం, అదే గంటకి, వాద్యం లేకుండా వెళ్ళి రెండు గంటలు కూర్చోండి. కళ్ళతో కాదు, చెవులతో చూడండి. ఫ్రిజ్ కంప్రెసర్ ఎంతసేపటికి ఒకసారి మొదలవుతోంది? ఐస్ మిషన్ ఎక్కడ దడదడమంటోంది? కాఫీ గింజలు ఆడే మిషన్, కాక్‌టెయిల్ షేకర్, గ్లాసులు కడిగే మిషన్, టాయిలెట్ తలుపు, వీధి తలుపు. మనుషుల మాటలకన్నా ఇవే ఎక్కువ చెరుపు చేస్తాయి. మాటలు సంగీతాన్ని బట్టి తగ్గుతాయి, ఐస్ మిషన్ తగ్గదు.

యజమాని "వేదిక ఇదిగో" అని చూపించిన చోటుని వెంటనే ఒప్పుకోవద్దు. సాధారణంగా అది రాక్ బ్యాండ్ కోసం కట్టిన బోలు చెక్క వేదిక. దాని మీద చెల్లో ఎండ్‌పిన్ (చెల్లో అడుగున నేలకి ఆనించే ఇనప కడ్డీ) గుచ్చితే వేదిక మొత్తం డ్రమ్ములా గుంయ్‌మని మోగుతుంది. పై స్వరాలు మునిగిపోతాయి. నేను ఎప్పుడూ నేల మీదే, వెనక గట్టి గోడ ఉన్న మూల అడుగుతాను. గోడ శబ్దాన్ని ముందుకి తోస్తుంది. వెనక కర్టెన్లు ఉంటే సగం శబ్దం అవే మింగేస్తాయి. మొదటి టేబులు మీకు రెండు అడుగుల దూరంలో ఉండాలి. అవును, అంత దగ్గర. హాల్లో ఎవరికీ దొరకనిది అదే: బో (వయొలిన్ కమాను) తీగ మీద గీసుకునే చప్పుడు, ఇద్దరు వాద్యకారులు కళ్ళతో మాట్లాడుకోవడం, మొదటి వయొలిన్ శ్వాస తీసుకోవడం. క్వార్టెట్ అంటే ఏమిటో తెలియనివాడు కూడా ఆ దూరం నుంచి చూస్తే ఇక్కడ ఏదో జరుగుతోందని కనిపెట్టేస్తాడు. దగ్గర టేబుల్‌వాళ్ళు వింటుంటే వాళ్ళ వెనకవాళ్ళ గొంతు దానంతట అదే తగ్గుతుంది. నిశ్శబ్దం ముందు నుంచి వెనక్కి పాకుతుంది, వెనక నుంచి ముందుకి ఎప్పుడూ రాదు.

బార్‌టెండర్‌ని మీ అయిదో వాద్యకారుడనుకోండి. సౌండ్ చెక్ అయ్యాక వెళ్ళి పేరు కనుక్కుని, మీ కార్యక్రమం కాగితం ఒకటి ఇవ్వండి. అందులో రెండు చోట్ల గీత గీయండి: "ఇక్కడ ఒక నాలుగు నిమిషాలు షేకర్ ఆపగలరా?" రాత్రంతా ఆపమంటే కోపం వస్తుంది, అతని వ్యాపారం అది. రెండు చోట్ల అంటే సంతోషంగా ఆపుతాడు. పైగా ఆ చోట్ల వింటాడు. అతను వింటూ నిలబడితే కౌంటర్ ముందున్నవాళ్ళు కూడా మీ వైపు తిరుగుతారు. నేనెన్ని ప్రసంగాలు చేసినా అంత పని జరగలేదు.

స్పీకర్లలో ఎప్పుడూ మోగే పాటల్ని మీరు కూర్చున్న తరవాత, మొదలుపెట్టడానికి నిమిషం ముందు ఆపించండి. ఏ ప్రకటనా వద్దు. ఆ పాట ఆగగానే గదిలో ఒక ఖాళీ పడుతుంది, జనం ఏమైందని తలెత్తుతారు. ఆ ఖాళీలోకి మొదటి స్వరం పడాలి. శ్రుతి అంతకుముందే పక్కగదిలో సరి చూసుకుని రండి. అందరి ముందూ నాలుగు నిమిషాలు తీగలు బిగిస్తూ కూర్చుంటే ఆ ఖాళీ కాస్తా మాటలతో నిండిపోతుంది. టీవీ కూడా ఆపించాలి, శబ్దం తీసేస్తే చాలదు. ఒకసారి మా వెనక గోడ మీద తెర ఉందని నేను గమనించలేదు. డ్వోర్జాక్ అనే చెక్ స్వరకర్త నెమ్మది మూవ్‌మెంట్ మధ్యలో గది మొత్తం ఒక్కసారి "ఓహ్" అని మూలిగింది. ఎంత గొప్పగా వాయించామో అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పెనాల్టీ కిక్ గోల్ మీదుగా పోయింది.

మైకుల సంగతి. తక్కువ కప్పు, నలభై యాభై మంది, మూలలో మీరు అయితే వద్దు. అంతకన్నా పెద్ద గది అయితే పెట్టండి, సిగ్గుపడకండి. తీగవాద్యాలవాళ్ళకి మైకంటే అంటరానిది, నాకూ అలాగే ఉండేది. తప్పు మైకుది కాదు, వాడే తీరుది. గిటారుకి పెట్టినట్టు వాద్యం ఒంటికి అంటించే పికప్‌తో వయొలిన్ దోమలా వినిపిస్తుంది. వాద్యానికి క్లిప్పుతో బిగించే చిన్న కండెన్సర్ మైకులు అడగండి. మిక్సర్ దగ్గరున్న కుర్రాడు రాక్ బ్యాండ్లకి అలవాటు పడినవాడు. అతనికి సంగీత చరిత్ర చెప్పకుండా అంకెలు చెప్పండి. వయొలిన్ అతి తక్కువ స్వరం 196 హెర్ట్జ్, వయోలాది 131, చెల్లోది 65. ప్రతి మైకులోనూ దానికి కింద ఉన్నదాన్ని కోసెయ్యమంటే సగం గుంయ్‌మనే మోత, సగం మైకు కూత పోతాయి. శబ్దం పెంచడం కోసం మైకు పెట్టట్లేదని గట్టిగా చెప్పండి. మీరు మెత్తగా వాయించింది చివరి టేబుల్‌కి మెత్తగానే చేరాలి, అంతే. మైకు ఉందని ఎవరికీ తెలియకపోతే బాగా పెట్టినట్టు. మనుషులతో, కోట్లతో నిండిన గది పొడిగా ఉంటుంది కాబట్టి చిటికెడు రివర్బ్ (మిక్సర్‌లో కలిపే ప్రతిధ్వని) వేయించుకోవచ్చు. చిటికెడు అంటే చిటికెడే, బార్ కాస్తా గుడి కాకూడదు. మానిటర్ స్పీకర్లు (వాయించేవాళ్ళకి తమ శబ్దం వినిపించేవి) వద్దు. ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుంటే మీ చెవులే మానిటర్లు.

ఏం వాయించాలన్న ప్రశ్నకి వస్తే నాకు ఇష్టమైన చోటుకి వచ్చాం. పాప్ పాటల మాట ముందు చెప్తాను: వద్దు. పాప్ పాట మీద చిన్నచూపేమీ లేదు. క్వార్టెట్‌తో పాప్ పాటలు వాయించడం మంచి వ్యాపారం, పెళ్ళిళ్ళకి నేనూ చేస్తాను. కానీ ఒక్క పాట మొదలుపెట్టగానే జనం దాన్ని గుర్తుపట్టే ఆటలో పడతారు. ఫోన్లు లేస్తాయి, తరవాత ఇంకో పాట అడుగుతారు. ఆ తరవాత మీరు పాతకాలపు క్వార్టెట్ల స్వరకర్త హైడెన్‌ని వాయిస్తే అది పాటల మధ్య ఆగాల్సిన విరామంలా వినిపిస్తుంది. తెలియని సంగీతానికి జనం భయపడతారని మనమే భయపడతాం. బార్‌కి వచ్చేవాళ్ళు వారం వారం తెలియని బ్యాండ్లని వింటూనే ఉంటారు కదా. వాళ్ళకి తెలియనిదంటే భయం లేదు, విసుగంటేనే భయం.

మొదటి పావుగంటలో ఏదీ ఆరు నిమిషాలు దాటొద్దు. మూవ్‌మెంట్లు విడివిడిగా తీసుకోండి, కానీ మూవ్‌మెంట్ లోపల కత్తెర పెట్టకండి. రాసినవాడు మలుపులు కొలిచి పెట్టాడు, మధ్యలో కోస్తే కారణం తెలియకపోయినా జనానికి కుంటుతున్నట్టు అనిపిస్తుంది. మొదలుపెట్టడానికి నేను ఎక్కువగా వాడేది రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్ రెండో మూవ్‌మెంట్. మూడు నిమిషాల లోపు. ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. మెటల్ సంగీతం వినే కుర్రాళ్ళు గ్లాసులు కింద పెట్టేస్తారు. దానికి వెంటనే విరుద్ధంగా ఫ్రెంచి స్వరకర్త రవెల్ క్వార్టెట్ రెండో మూవ్‌మెంట్, అందరూ బో పక్కన పెట్టి వేళ్ళతో తీగలు మీటుతూ మొదలుపెడతారు, జనం చూపుతోనే లోపలికి వస్తారు. నెమ్మది సంగీతం మూడోది. మొదటిది కాకూడదు, చివరిది కూడా కాకూడదు. మూడో స్థానానికి గది మీ చేతిలో ఉంటుంది. అప్పుడు మెత్తగా, దాదాపు వినపడనంత మెత్తగా మొదలుపెట్టండి. గది గోలగా ఉంటే ఇంకా గట్టిగా వాయించాలనిపిస్తుంది. అది ఉచ్చు. మీరు పెంచితే వాళ్ళు పెంచుతారు, ఆ పోటీలో నాలుగు తీగవాద్యాలు ఎప్పుడూ గెలవవు. తగ్గించండి. మోట్‌సార్ట్ పారిస్‌లో చేసింది అదే.

బార్ కోసమే రాశాడా అనిపించే రచన హైడెన్ ఓపస్ 33 రెండో క్వార్టెట్ చివరి మూవ్‌మెంట్. 1781 నాటిది, దాన్ని 'జోక్' అంటారు. పరుగెత్తే చిన్న రాగం, చివరికి వచ్చేసరికి ముక్కలు ముక్కలుగా విరిగి, మధ్యలో ఖాళీలు. అయిపోయింది అనుకుని చప్పట్లు కొడతారు, అవదు. మళ్ళీ కొడతారు, మళ్ళీ అవదు. ఆఖరికి నిజంగా అయిపోయాక ఎవరూ కొట్టరు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. హాల్లో ఈ జోక్ సగమే పేలుతుంది. అక్కడ అందరూ పుస్తకం చదివి వస్తారు, తెలిసినట్టు చిరునవ్వు నవ్వుతారు. బార్‌లో నిజంగా మోసపోతారు. హైడెన్ కోరుకున్న ప్రేక్షకులు వీళ్ళేనని నాకు గట్టి నమ్మకం. ఆ ఖాళీల్లో మీరు కదలకూడదు, చేతిలో బో గాల్లోనే ఉండాలి. మీలో ఎవరికైనా నవ్వు ఆగకపోతే వాళ్ళు నేల చూపులు చూడాలి.

వాద్యాలు లేకుండానే ఒకటి చెయ్యచ్చు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1972లో రాసిన క్లాపింగ్ మ్యూజిక్‌కి ఇద్దరు మనుషుల అరచేతులు చాలు. ఇద్దరూ 12 మాత్రల వరసని చప్పట్లతో మొదలుపెడతారు. ఒకరు మారకుండా అలాగే ఉంటారు, రెండోవారు కొంతసేపటికొకసారి ఒక మాత్ర జరుగుతూ పోయి చివరికి మళ్ళీ మొదటివారితో కలుస్తారు. కళ్ళ ముందు ఇద్దరు విడిపోయి కలిసినట్టు ఉంటుంది. రెండో సెట్ మొదట్లో ఇది పెడితే విరామం నుంచి జనం పిలవకుండానే వెనక్కి వస్తారు. మీకు ఫ్లూట్, గిటారు స్నేహితులు ఉంటే టాంగో సంగీతం రాసిన పియాత్సోల్లా 'టాంగో చరిత్ర' అడగండి. 1900 వేశ్యాగృహం, 1930 కెఫే, 1960 నైట్ క్లబ్, ఆఖరికి నేటి కచేరీ, ఇలా నాలుగు భాగాలు. ఒక సంగీతం ఏయే గదులు దాటి హాలుకి చేరిందో ఆ రచనే చెప్తుంది, మీరు ఒక్క ముక్క వివరించక్కర్లేదు. నాలుగైదు నెలలు గడిచి, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తయారయ్యాక, మొత్తం క్వార్టెట్ ఒకటి పెట్టండి. డ్వోర్జాక్ ఓపస్ 96 అరగంట లోపు అయిపోతుంది, నాలుగు మూవ్‌మెంట్లలో ఒక్కటీ బరువుగా కూర్చోదు.

మాట్లాడాలా? మాట్లాడాలి, అరనిమిషం. పుట్టిన తేదీలు, ఓపస్ అంకెలు, సొనాటా రూపం వద్దే వద్దు. వినడానికి ఒక్క పట్టుకొమ్మ ఇవ్వండి. షోస్తకోవిచ్‌కి నేను ఇలా చేస్తాను: "ఆయన 1960 జూలైలో మూడు రోజుల్లో దీన్ని రాశాడు. తన పేరులోని నాలుగు అక్షరాలని నాలుగు స్వరాలుగా మార్చి ఇందులో దాచాడు. అవి ఇవిగో." చెల్లో మీద ఆ నాలుగు స్వరాలు వాయిస్తాను. ఇంకేం చెప్పను. జనం ఆ సంతకం కోసం వెతుకుతూ వింటారు. అది దొరికినప్పుడు పక్కవాడిని మోచేత్తో పొడుస్తారు, అది నేను చూస్తాను. మీలో మాట బాగా వచ్చేవాళ్ళు ఒక్కరే మాట్లాడండి. మా క్వార్టెట్‌లో అందరూ వంతులేసుకుని మాట్లాడిన రోజులు ఉన్నాయి, కమిటీ మీటింగులా ఉండేది.

మాట్లాడే టేబులు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఉండనివ్వండి. ఆ మూల పుట్టినరోజు పార్టీ మీకోసం రాలేదు. 1920లో పారిస్‌లో ఎరిక్ సాటీ అనే స్వరకర్త 'ఫర్నిచర్ సంగీతం' అని ఒకటి వినిపించాడు. కుర్చీల్లా బల్లల్లా ఉండాలి, ఎవరూ పట్టించుకోకూడదని ఆయన కోరిక. విరామంలో అది మొదలవగానే జనం మాటలు ఆపి కూర్చుని వినడం మొదలుపెట్టారు, సాటీ తిరుగుతూ మాట్లాడండి, వినకండి అని బతిమాలాల్సి వచ్చిందట. మీ కష్టం దీనికి సరిగ్గా తలకిందులు. కానీ మనుషులు చెప్పిన మాట వినరన్నది రెండు చోట్లా నిజం.

పేరున్న వయొలిన్ విద్వాంసుడు జోషువా బెల్ కథ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2007 జనవరిలో వాషింగ్టన్ మెట్రో స్టేషన్‌లో 43 నిమిషాలు వాయించాడు, 1,097 మంది ఆయన ముందు నుంచి వెళ్ళారు, ఆగి విన్నవాళ్ళు ఏడుగురు. జనానికి రుచి లేదనడానికి దీన్ని సాక్ష్యంగా చెప్తారు. నాకు అలా అనిపించదు. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తే మనిషి ఎవరికోసమూ ఆగడు. మీ బార్‌లో మనిషి ఇప్పటికే కూర్చున్నాడు, చేతిలో గ్లాసు ఉంది, మరో గంట ఎక్కడికీ వెళ్ళడు. బెల్‌కి లేని అదృష్టం మీకు ఉంది. మూవ్‌మెంట్ల మధ్య చప్పట్లు కొడితే కొట్టనివ్వండి, తల వంచండి, నవ్వండి. ఒక్కసారి మొహం చిట్లిస్తే ఆ మనిషి జీవితంలో మళ్ళీ చప్పట్లు కొట్టడానికి జంకుతాడు.

డబ్బు విషయం చిన్నదే అయినా ముందే మాట్లాడుకోండి. "మంచి ప్రచారం వస్తుంది" అన్న మాటకి వాయించకండి. తక్కువైనా సరే, నలుగురికీ ఖాయంగా ఇంత అని తేల్చుకుని, పైన జనం తోచింది వేసేలా టోపీ తిప్పండి. యజమాని లెక్క వేరు: మీరు వాయించేంతసేపూ ఎవరూ లేచి ఆర్డర్ ఇవ్వరు. అందుకని ఇరవై నిమిషాల సెట్లు మూడు, మధ్యలో పదిహేను ఇరవై నిమిషాల విరామాలు అని మీరే ప్రతిపాదించండి. అతని మొహంలో టెన్షన్ పోవడం చూస్తారు. విరామంలో నలుగురూ ఒక మూల చేరకుండా టేబుళ్ళ మధ్యకి వెళ్ళండి. నేను సంపాదించిన శ్రోతల్లో సగం మంది "అది చెల్లోనా, పెద్ద వయొలినా?" అని అడిగినవాళ్ళే. ఒక్క రాత్రితో ఏమీ తేలదు. నెలకొకసారి, అదే వారం అదే రోజు, కనీసం ఆరు నెలలు ఒప్పుకోమనండి. హైడెన్, డ్వోర్జాక్, రవెల్‌కి కాపీరైటు గొడవ లేదు. షోస్తకోవిచ్, పియాత్సోల్లా, రైక్ చాలా దేశాల్లో ఇంకా హక్కుల కింద ఉన్నారు కాబట్టి ఆ బార్‌కి సంగీత లైసెన్సు ఉందో లేదో, అది ప్రత్యక్షంగా వాయించేదానికి వర్తిస్తుందో లేదో అడగండి.

మొదటి రాత్రికి తీసుకెళ్ళాల్సినవి: స్టాండ్లకి బిగించే చిన్న దీపాలు, వాటికి అదనపు బ్యాటరీలు, ఎందుకంటే బార్ వెలుతురులో ఫ్లాట్ గుర్తు (స్వరం తగ్గించమనే చిన్న గుర్తు) కూడా కనపడదు. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా బట్టల క్లిప్పులు. టైల్స్ నేల మీద జారకుండా ఎండ్‌పిన్‌కి పట్టీ. మీ అతి ఖరీదైన బో ఇంట్లో పెట్టి రెండోది తెచ్చుకోండి, బీర్ పడితే రెండోదే బాధపడాలి. వాద్యం పెట్టె తెరిచి నేల మీద వదలకండి, టోపీ అనుకుని చిల్లర వేస్తారు, కొందరు కాలు కూడా వేస్తారు. నల్లబట్టలు వద్దు. ఇంకొకటి, ఆ టీవీ రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందో సౌండ్ చెక్ అప్పుడే కనుక్కోండి.